జిల్లాకు 50 కోట్లు: ఈ లెక్క ఎవరూ ఎత్తరెందుకు?

2024 జూన్‌లో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడి ప్రాధాన్యాల గురించి రాస్తున్నవారంతా మూడు మాటల చుట్టూనే తిరుగుతున్నారు: అమరావతి, పోలవరం, పెట్టుబడులు. మెచ్చుకునేవారు మెచ్చుకునేది వీటినే, తప్పుపట్టేవారు తప్పుపట్టేదీ వీటినే. 2024 జూలై 23న కేంద్ర బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు అనగానే చర్చంతా అక్కడే ఆగిపోయింది. అది అప్పా, గ్రాంటా అని వారం రోజులు వాదించుకున్నాం. అదే ప్రసంగంలో రాయలసీమ, ప్రకాశం, ఉత్తరాంధ్ర వెనుకబడిన ప్రాంతాలకు విభజన చట్టంలో చెప్పినట్టు గ్రాంట్లు ఇస్తామన్న వాక్యం కూడా ఉంది. ఆ వాక్యంలో అంకె లేదు. చట్టం తీసి చూద్దామంటే 46వ సెక్షన్‌లోనూ అంకె లేదు. అంకె లేని చట్టాన్ని చూపించి అంకె లేని హామీ ఇస్తే, దాన్ని విజయమని మనవాళ్లు చప్పట్లు కొట్టారు.

అంకె లేకపోలేదు, ఆచరణలో ఒకటుంది. ఉమ్మడి జిల్లాకు ఏడాదికి 50 కోట్లు. కడప, కర్నూలు, అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, ఏడూ కలిపి 350 కోట్లు. ఆ మాత్రమైనా ఏటా వచ్చిందా? 2018 ఫిబ్రవరిలో 350 కోట్లు రాష్ట్ర ఖాతాలో వేసి, కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నారు. వినియోగ ధ్రువపత్రాలు ఇవ్వలేదని కేంద్రమూ, ఇచ్చామని రాష్ట్రమూ అనుకుంటుండగా ఏళ్లు గడిచాయి. ఇస్తామన్న మొత్తం 2,100 కోట్లలో 2024 దాకా పదేళ్లకు అందింది 1,750 కోట్లు. అంటే 50 కోట్లన్నది కాగితం మీది మాట, చేతికొచ్చింది సగటున జిల్లాకు ఏడాదికి 25 కోట్లు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ఏడే 14 అయ్యాయి. ఒక్కో కలెక్టరు వాటా ఎంతో పాఠకులే లెక్కేసుకోవచ్చు.

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఇచ్చిన మాట ఇది కాదు. ఒడిశాలోని కోరాపుట్-బొలంగీర్-కలహండి ప్రణాళిక తరహాలో, బుందేల్‌ఖండ్ ప్యాకేజీ తరహాలో రాయలసీమకూ ఉత్తరాంధ్రకూ ప్రత్యేక ప్యాకేజీ ఇస్తామన్నారు. బుందేల్‌ఖండ్ తరహా అంటే ఎంత? 2009లో అక్కడి 13 జిల్లాలకు మూడేళ్లకుగాను 7,266 కోట్లు ప్రకటించారు. జిల్లాకు ఏడాదికి 186 కోట్లు పడుతుంది. అందులో దాదాపు సగం అప్పటికే నడుస్తున్న పథకాల నుంచి సర్దినదేనని ఢిల్లీ అధికారులు అంటారు. నిజమే. సర్దింది తీసేసి చూసినా జిల్లాకు 80 కోట్లు దాటుతుంది, అదీ 2009 నాటి రూపాయి విలువలో. మనకు మాత్రం 50. ఆ తరహాలోనే 24,350 కోట్లు కావాలని రాష్ట్రం పంపిన ప్రతిపాదన ఏమైందో అడిగే నాథుడు లేడు.

ఇప్పుడీ 350 కోట్లను 15,000 కోట్ల పక్కన పెట్టండి. అమరావతికి ఒక్క ఆర్థిక సంవత్సరంలో ఇప్పిస్తామన్న మొత్తం ఈ ఏడు జిల్లాలకు అందాలంటే ఇదే లెక్కన దాదాపు 43 ఏళ్లు పడుతుంది. ఆ ప్రాంతాల్లో ఈ ఏడాది బడిలో చేరిన పిల్లకు అప్పటికి 50 ఏళ్లు దగ్గరపడతాయి.

నేను అమరావతికి వ్యతిరేకిని కాదు. 33,000 ఎకరాలకు పైగా భూమి ఇచ్చిన రైతులను నాలుగేళ్లకు పైగా రోడ్డు మీద కూర్చోబెట్టడం దుర్మార్గం. వారికిచ్చిన మాట నిలబెట్టుకోవాలి, రాజధాని పూర్తికావాలి. కానీ రాజధాని పూర్తయితే దాని సంపద తనంతట తనే సీమకూ కళింగాంధ్రకూ పారుతుందన్న వాదన ఉంది చూశారూ, దాన్ని నేను ఒప్పుకోను. ఉమ్మడి రాష్ట్రంలో అందరి కష్టమూ హైదరాబాదులో పోసి, అక్కడి నుంచి అన్ని జిల్లాలకూ పారుతుందని కూర్చుంటే ఏం జరిగిందో 2014లో చూశాం. శివరామకృష్ణన్ కమిటీ అదే ఏడాది ఆగస్టులో వికేంద్రీకరణ గురించి చెప్పిందీ ఇదే. ఆ నివేదికను అటకెక్కించి పదేళ్లు దాటింది.

అంతకుముందు పాలించిన అవతలి పక్షానికీ ఇక్కడ నోరెత్తే హక్కు లేదు. మూడు రాజధానులంటూ ఐదేళ్లు గడిపారు. 22 మంది ఎంపీలను గెలిపించినా బుందేల్‌ఖండ్ తరహా ప్యాకేజీ తేలేకపోయారు. కర్నూలుకు హైకోర్టు రాలేదు, విశాఖకు సచివాలయం వెళ్లలేదు. రాజధాని బొమ్మ మూడుసార్లు గీసినంత మాత్రాన వెనుకబాటు పోదని తెలిసీ ఆ మాట చెప్పలేదు. ఒకటా, మూడా అన్న కొట్లాటలో 50 కోట్ల సంగతి అడుగున పడిపోయింది. సంపాదకీయాలు రాసేవాళ్లు కూడా ఆ కొట్లాటలో చేరిపోయారు. నా కోపం ఎక్కువగా వాళ్ల మీదే.

కర్నూలు పడమటి మండలాలకు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు దీపావళి దాటాక వెళ్లి చూడండి. ఖరీఫ్ పోయాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. లారీలు, ట్రాక్టర్లు ఊరి మధ్యకే వస్తాయి. బియ్యం మూటలు, వంటసామాన్లు, టార్పాలిన్లు ఎక్కిస్తారు, వాటి మీద పిల్లల్ని కూర్చోబెడతారు. ఇళ్లకు తాళాలు పడతాయి. అరుగుల మీద ముసలివాళ్లు మిగులుతారు, వాళ్ల దగ్గర రేషన్ కార్డు, తాళంచెవి. బళ్లో సగం బెంచీలు ఖాళీ. సీజనల్ హాస్టళ్లు పెడతామంటారు, కొన్ని పెడతారు కూడా. కానీ తల్లి పొలంలో ఉంటే చంటిబిడ్డను చూసుకోవడానికి పదేళ్ల పిల్ల కావాలి కాబట్టి ఆ పిల్ల కూడా లారీ ఎక్కుతుంది. వెళ్లేదెక్కడికి? ఎక్కువగా గుంటూరు, పల్నాడు పొలాలకు, పత్తి తీతకు, మిరప కోతకు. చేలగట్ల మీదే గుడారాలు, చేలోనే నీళ్లు. కూలి కిలోల లెక్కన. కొత్త రాజధాని పక్క పొలాల్లోనే ఈ జిల్లాల జనం నాలుగేసి నెలలు టార్పాలిన్ కింద బతుకుతున్నారు. మహానగరం వస్తే వీళ్లకు పని దొరుకుతుందని అనేవారికి నేను చెప్పేదొకటే: పని అక్కడ వాళ్లకు ఇప్పటికే దొరుకుతోంది. వాళ్లు అడుగుతున్నది సొంత ఊళ్లో సాగునీళ్లు.

ఆ నీళ్లకు మార్గం లేక కాదు. హంద్రీ-నీవా ఉంది. శ్రీశైలం నుంచి 40 టీఎంసీలు ఎత్తి నాలుగు జిల్లాల్లో 6 లక్షల ఎకరాలు తడపాలన్నది దాని లక్ష్యం. ప్రధాన కాలువలో నీళ్లు పారుతున్నాయి, జీడిపల్లి నిండుతోంది. పొలానికి చేరాల్సిన పిల్లకాలువలు మాత్రం చాలాచోట్ల లేవు. పొలం పక్కనే కాలువ పోతుంటే చూస్తూ నిలబడాల్సిన రైతు మోటారు దించితే కేసు. సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టండని అడిగి అడిగి విసిగి 2016 మే 31న సీమ రైతులే వెళ్లి దానికి శంకుస్థాపన చేశారు. అప్పుడూ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే. పోలీసులు దారులు మూశారు తప్ప ఎవరూ వాళ్లతో కూర్చుని మాట్లాడలేదు.

పెట్టుబడుల గురించి మాట్లాడేవారు కూడా ఈ కాలువ దగ్గరికే రావాలి. పెనుకొండకు కియా ఎలా వచ్చింది? గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా నీళ్లు చేరాక, 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. ముందు నీళ్లు, వెనక ఫ్యాక్టరీ. అది చేసింది ఇదే ముఖ్యమంత్రి. ఆయన పాలనలోనే రుజువైన ఈ వరసను ఆయన ప్రభుత్వమే పక్కన పెట్టడం నాకు మింగుడుపడటం లేదు. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక కేంద్రాలకు కేంద్రం నీరు, కరెంటు, రోడ్లు ఇస్తానంది. మంచిదే. ఆ ఫ్యాక్టరీ గేటుకు పైపు వేస్తూ పక్క ఊరి చేనుకు కాలువ తవ్వకపోతే ఆ ఊరి మనిషి మళ్లీ సుగ్గికే పోతాడు.

ఉత్తరాంధ్రది ఇంకో రకం వలస. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి అక్కడి బోట్ల మీద కూలికి వేటాడుతున్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు అలా వెళ్లినవాళ్లే, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో మగ్గారు. ఇంత పొడవు సముద్రం ఇంటి ముందుండగా ఎందుకు పోయారు? బోటు కట్టుకునే రేవు లేక. ఉత్తరాంధ్ర సుజల స్రవంతికి 2009లో శంకుస్థాపన జరిగింది. ఆ పలక ఎక్కడుందో ఇప్పుడు వెతుక్కోవాలి.

గద్దెనెక్కగానే ప్రభుత్వం ఏడు శ్వేతపత్రాలు ప్రకటించింది. పోలవరం, అమరావతి, విద్యుత్తు, సహజ వనరులు, మద్యం, శాంతిభద్రతలు, ఆర్థిక స్థితి. ఏడు పత్రాల్లో ఒక్కటైనా ఏడు వెనుకబడిన జిల్లాలది కావాల్సింది, కాలేదు. తొలి సంతకాల్లో 16,347 టీచరు పోస్టులు, 4,000 పింఛను ఉన్నాయి. వాటిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను, ముసలివాళ్లు మాత్రమే మిగిలే ఊళ్లలో ఆ పింఛను విలువ నాకు తెలుసు. కానీ కొడుకు వలస పోకుండా ఆపేది పింఛను కాదు.

ఇక ఓట్ల లెక్క. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో రాయలసీమలో 52 స్థానాలుంటే తెలుగుదేశం కూటమికి 45 వచ్చాయి. ఉత్తరాంధ్రలో 34కు 32. ఏడు జిల్లాల్లో 86కు 77. కూటమికి వచ్చిన 164లో దాదాపు సగం ఈ 50 కోట్ల జిల్లాలే ఇచ్చాయి. ముఖ్యమంత్రిది కుప్పం. ఆర్థికమంత్రిది ఉరవకొండ. వ్యవసాయ మంత్రిది టెక్కలి. పరిశ్రమల మంత్రిది కర్నూలు. కేంద్రంలో కూర్చున్న యువ మంత్రిది శ్రీకాకుళం. అధికారం మా ప్రాంతం వాళ్ల చేతిలో లేదని చెప్పుకునే అవకాశం ఈసారి ఎవరికీ లేదు. కేంద్ర ప్రభుత్వం నిలబడడానికి తెలుగుదేశం 16 మంది ఎంపీలు అవసరమైన రోజులివి. ఇంతకంటే అనుకూలమైన సమయం 2014లో లేదు, 2019లో లేదు. ఇప్పుడు అడగకపోతే అడగడం ఇష్టం లేదనే అర్థం.

అడగాల్సింది కూడా తేలిక. 350 కోట్ల లెక్క రద్దు చేసి, బుందేల్‌ఖండ్ 186ను నేటి ధరల్లోకి మార్చి, దాని మీద బేరం మొదలుపెట్టాలి. అంకె, గడువు రెండూ రాతపూర్వకంగా ఉండాలి. ఢిల్లీ ఇచ్చేదాకా ఆగకుండా రాష్ట్రం తన వంతు తాను వేయాలి.  రాష్ట్ర బడ్జెట్‌లో ఈ 14 జిల్లాలకు విడిగా ఒక పద్దు ఉండాలి. దాంట్లో మొదటి వరస హంద్రీ-నీవా పిల్లకాలువలకు, వంశధార, సుజల స్రవంతి పనులకు పోవాలి. ఆ డబ్బు మరో ఖాతాకు మళ్లించకుండా చట్టం చేయాలి. ఆ పద్దు లేకుండా, లేదా జిల్లాకు మళ్లీ అదే 50 కోట్లు చూపిస్తూ బడ్జెట్ సభ ముందుకొస్తే, ఈ ఏడు జిల్లాల నుంచి గెలిచిన 77 మంది దానికి చెయ్యెత్తకూడదు. ఎత్తినవారి పేర్లు ఆ ఊళ్లలో చదివి వినిపించాలి.