పొయ్యి పొగ ముందా, చమురు బావి ముందా?



గత నెల మొయినాబాద్ మండలంలో గృహ దర్శనాలకు వెళ్లాము. ఒక ఇంట ప్రార్థన ముగిసేసరికి మా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. భక్తి వలన కాదు, పొగ వలన! కిటికీ లేని వంటగదిలో ఆ యింటి అవ్వ పత్తికట్టెతో పొయ్యి మండిస్తూ దగ్గుతున్నది. మూలన గ్యాస్ బండ ఉన్నది. దానిమీద గుడ్డ కప్పి చాట పెట్టారు.

"బండ ఉన్నది గదా అవ్వా, వాడరాదా?" అన్నాము.

"సుట్టాలొస్తే ముట్టిస్తం అయ్యగారూ. ఒక్కపారే గన్ని పైసలు ఏడికెల్లి తేవాలె?" అన్నది.

వాకిట్లో ఆమె కుమారుని మోటారు సైకిలు ఉన్నది. దానికి వారం వారం పెట్రోలు పోయిస్తున్నాడు. అతనిని మందలించబోయి ఆగిపోయాము. మా బండికీ పెట్రోలు ఏనాడూ తక్కువ కాలేదు. గ్యాస్ అయిపోయిన నెలలో మాత్రం మా సహధర్మిణి నాలుగు దినాలు కట్టెల పొయ్యి మీద వండవలసి వచ్చింది. బండికి దొరికిన డబ్బు బండకు దొరకలేదు.

వాయు కాలుష్యం అనగానే మనకు హైదరాబాదు ఫ్యాక్టరీలు, లారీలు గుర్తుకొస్తాయి. అదీ నిజమే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇంటి పొగ వలన లోకమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారు. వారిలో ఐదేళ్ల లోపు పిల్లలే 2 లక్షల 37 వేల మందికి పైగా ఉన్నారు. పొగలోని సన్నని ధూళి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కు దానిని ఆపలేదు. అది ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది.

"చమురు తీయడమే ఆపితే సరిపోదా?" అని చేవెళ్ల యవ్వనస్థుల కూటంలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి అంటుకొని 65 దినాలు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి, నిద్రలో ఉన్న కుటుంబాలు కాలిపోయాయి. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 వంతులకు మించి విదేశాల నుండి వస్తున్నదే. దాని పొగ భూమిని వేడెక్కిస్తున్నది. 2023లో దుబాయ్‌లో సమకూడిన దేశాలు బొగ్గు, చమురు, గ్యాసుల నుండి మళ్లాలని ఒప్పుకున్నాయి.

అయితే ఆ అవ్వ పొయ్యి పొగ ఆరడానికి నేడు దగ్గరున్న దారి కూడా ఆ గ్యాసే. రేపే బావులన్నీ మూసివేస్తే ముందుగా బండ ఖాళీ అయ్యేది ధనవంతుని ఇంట కాదు. కనుక విడువవలసినదే గాని, వరుస తెలిసి విడవాలి. నడవదగిన దూరానికి పోసే పెట్రోలు ముందు పోవాలి. పేద తల్లి గ్యాస్ చివరకు పోవాలి.

2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో అర్హులైన కుటుంబాలకు 500 రూపాయల గ్యాస్ పథకం ఆరంభమైంది. కాని ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తరువాత ఖాతాలో పడుతుంది. అవ్వకు అడ్డు ఆ ముందు కట్టే సొమ్మే. అందుకు మా స్త్రీల సమాజం ఒక డబ్బా పెట్టింది. బండ తెచ్చే దినాన అందులోనుండి చేబదులు తీసుకొని, రాయితీ పడగానే తిరిగి వేస్తారు. మీ సంఘంలోనూ ఇట్లు చేయవచ్చును. వంటగదికి కిటికీ పెట్టండి. పత్తికట్టెను చేలో తగలబెట్టక ముక్కలు చేయించి దున్నండి.

అవ్వ కుమారుడు మొన్న బండ తెచ్చాడని విన్నాము. మా యింట కూడా ఈ నెల బండ తరువాతే బండి. పొరుగువారిని ప్రేమించుట మన వంటగదిలోనే మొదలు కావలెను గదా! ప్రభువు మీ గృహములను దీవించును గాక.