బజారున పెట్టిన రహస్యము

సికింద్రాబాదులో రెండు నాణెములు చెలామణియైన కాలమును మన పెద్దలు ఇంకను చెప్పుకొందురు. తిరుమలగిరి దండుప్రదేశమున కల్దారు రూపాయి. దండు హద్దు దాటి హైదరాబాదు చేరినచో నిజాము సర్కారువారి హాలీ సిక్కా. సుమారు ఆరు కల్దారులకు ఏడు హాలీల చొప్పున షరాబు వట్టము పుచ్చుకొని మార్చి యిచ్చెడివాడు. వాడు వట్టము అధికముగా లాగినను వాని అంగడి యెక్కడనో, వాని తండ్రి యెవడో అందరికిని తెలియును. 1959తో హాలీ సిక్కా కథ ముగిసెను. నేడు మరియొక నాణెము మన వీథులకు వచ్చినది. దానికి టంకశాల లేదు, రాజముద్ర లేదు. దాని షరాబు ఏ దేశమున నున్నాడో కొన్నవానికే తెలియదు. దీనిని క్రిప్టో నాణెమని పిలుచుచున్నారు.

ఇటీవల తిరుమలగిరిలో ఒక పఠనమందిరమున ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఒక విద్యార్థి లేచి, “ఇందులో ప్రభుత్వమువారి కేమియు కనబడదు గదా!” అని సంతోషించెను. వెనుక వరుసలోనున్న ఒక మాజీ సైనికుడు, “నా పింఛను సొమ్ము ఎవరు తీసికొనిరో నాకును కనబడలేదు” అని మెల్లగా ననెను. మొదటివాడు పొరబడినాడు. రెండవవానికి అన్యాయము జరిగినది. ఆ పొరబాటునుండియే ఈ యన్యాయము పుట్టినదని మా యభిప్రాయము.

ఈ నాణెములలో మొదటిదియు ముఖ్యమైనదియు బిట్‌కాయిన్. సతోషి నకమోటో అను మారుపేరు ధరించిన యెవరో 2008 అక్టోబరు 31న దీని విధానమును ప్రకటించిరి. 2009 జనవరి 3న లెక్క మొదలయ్యెను. ఆ విధానము వినుటకు వింత గాని, మన గ్రామపు లెక్కలు ఎరిగినవారికి కష్టము కాదు. పట్వారీ చేతిలో ఒక్కటే పుస్తకమున్నచో వాడు రాత్రివేళ దిద్దుకొనవచ్చును. అదే పుస్తకపు నకలు ఊరిలోని ప్రతి యింటను ఉండి, ప్రతి బదిలీ అన్ని నకళ్లలోను ఒకేమారు ఎక్కుచున్నచో ఎవడు దిద్దగలడు? ఇక్కడ ఇండ్లకు బదులు ప్రపంచమంతట వ్యాపించిన కంప్యూటర్లు గలవు. సుమారు పది నిమిషముల కొకమారు క్రొత్త పుట చేరును. ఆ పుటను చేర్చు హక్కునకై యంత్రములు కఠినమైన లెక్కలతో పోటీపడును. గెలిచినవానికి క్రొత్త నాణెములు బహుమానము. మొదట పుటకు 50 నాణెములుగా నున్న ఆ బహుమానము 2024 ఏప్రిలు నాటికి 3.125కు దిగినది. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించరాదని కట్టుబాటు. సొంతదారునకు మిగులునది ఒక రహస్య సంఖ్య మాత్రమే. అది పోయిన నాణెము పోయినట్లే. అది దొంగకు చిక్కిన నాణెము దొంగదే.

ఇక రహస్యమెక్కడ? పుస్తకమున మనుష్యుని పేరుండదు, అక్షరములును అంకెలును కలసిన చిరునామా యుండును. ఇంతవరకే మరుగు. ఏ చిరునామానుండి ఏ చిరునామాకు ఎంత పోయినదో లోకమున నెవడైనను చూడవచ్చును, ఎన్నటికిని చూడవచ్చును. ఒక్క చిరునామాకు ఒక్కమారు పేరు తగిలినచో వెనుకటి చరిత్ర యంతయు బయటపడును. 2016లో బిట్‌ఫినెక్స్ అను మారకపు సంస్థనుండి సుమారు 1,20,000 బిట్‌కాయిన్లు అపహరింపబడెను. దొంగలు వాటిని చేతులు మార్చి మార్చి త్రిప్పిరి. పుస్తకము మాత్రము ప్రతి మలుపును వ్రాసికొనుచునే యున్నది. 2022 ఫిబ్రవరిలో న్యూయార్కునందు దంపతులిద్దరు పట్టుబడిరి. 94,000కు పైగా నాణెములను అమెరికా ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. మొనీరో వంటి కొన్ని నాణెములు ఈ జాడలను చెరుపుటకే పుట్టినవి. కాని మన పట్టణమున క్రిప్టో కొనువారిలో వాని తెరువు తెలిసినవారెందరు?

మన విద్యార్థి మారకపు సంస్థలో ఖాతా తెరచునాడే తన పాన్ సంఖ్యను, బ్యాంకు ఖాతాను, ముఖచిత్రమును ఇచ్చివేయును. 2023 మార్చి 7 నాటి ప్రకటనచే ఈ సంస్థలన్నియు మనీలాండరింగు నిరోధక చట్టము క్రిందికి వచ్చినవి. అనుమానాస్పద వ్యవహారములను అవి ప్రభుత్వమునకు నివేదింపవలెను. కావున గృహస్థుడు దీపము క్రింద కూర్చుండెను. మోసగాడు మాత్రము పరుల పేరిట ఖాతాలు తెరచి చీకటిలో నిలిచెను. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన వ్యవహారమే ఇందుకు తార్కాణము. ఇంటర్నెట్టున చిన్న చిన్న పనులు చేసినచో డబ్బు వచ్చునని యాశపెట్టి సుమారు 15,000 మందినుండి 712 కోట్ల రూపాయలు లాగి, డొల్ల కంపెనీల ఖాతాల గుండ త్రిప్పి, దుబాయి మీదుగా క్రిప్టో రూపమున చైనాకు చేర్చిరని వారు చెప్పిరి. పోయినదారి పుస్తకమున నుండవచ్చును. ఆ దారి చివర విదేశమున్నప్పుడు ఠాణాలో కూర్చున్న వాదికి దానివలన ఏమి లాభము?

ఇక ప్రభుత్వమువారి ధోరణిని విచారింతము. 2018 ఏప్రిలు 6న రిజర్వు బ్యాంకువారు ఈ వ్యాపారులకు బ్యాంకుల తలుపులు మూసిరి. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను. ఆ తీర్పును వ్రాసిన జస్టిస్ వి. రామసుబ్రమణియన్ అంతకు పూర్వము మన హైదరాబాదు హైకోర్టున న్యాయమూర్తిగా నుండినవారే. రిజర్వు బ్యాంకునకు అధికారము లేదని ఆ తీర్పు చెప్పలేదు. తన అధీనమందలి సంస్థలకు కలిగిన నష్టమును చూపకయే ఇంత పెద్ద దెబ్బ కొట్టుట తగదని చెప్పెను. అనగా, కొలత తెలిసి శాసింపుడని. ప్రభుత్వమువారు శాసనము చేసిరా? 2021 శీతకాల సమావేశముల పట్టికలో బిల్లు పేరు కనబడెను, సభలోనికి రాలేదు. దానికి బదులు పన్ను వచ్చెను! 2022 ఏప్రిలు 1 నుండి లాభముపై నూటికి 30 వంతులు. జూలై 1 నుండి బదిలీపై నూటికి ఒకటి ముందుగనే కోత. ఒక నాణెమున వచ్చిన నష్టమును మరియొక నాణెపు లాభమునుండి తగ్గించుకొనుటకైనను వీలులేదు. ఒకచేత గెలిచి మరియొకచేత ఓడినవాడును గెలిచినదానికి పూర్తి పన్ను కట్టవలెను. జూదమని తలచినచో నిషేధింపవలెను. వ్యాపారమని తలచినచో కాపాడవలెను. పన్ను పుచ్చుకొని రెండును కాదనుట మాకు అర్థము కాలేదు.

కాపుదల లేకపోవుట యెట్టిదో 2024 జూలైలో తెలిసినది. మన దేశమున మిక్కిలి పేరుగన్న వజీర్‌ఎక్స్ సంస్థనుండి ఒక్కనాడే సుమారు 2,000 కోట్ల రూపాయల విలువగల నాణెములు పోయెను. అది ఉత్తర కొరియావారి పని యని 2025 జనవరిలో అమెరికా, జపాను, దక్షిణ కొరియా ప్రభుత్వములు ప్రకటించెను. భారతీయుల సొమ్ము పోయినది. పంపకపు ఏర్పాటునకు మాత్రము సింగపూరు న్యాయస్థానపు తలుపు తట్టవలసివచ్చెను. మన బ్యాంకు మునిగినచో 5 లక్షల రూపాయలవరకు బీమా గలదు. ఇచ్చట ఒక్క కాసునకైనను లేదు.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఒక కోరిక గలదు. మారకపు సంస్థ ఖాతాదారుల నాణెములను తన సొమ్ముతో కలుపక ధర్మకర్తవలె వేరుగా నుంచవలెనని పార్లమెంటు శాసింపవలెను. వివాదమునకు ఈ దేశపు న్యాయస్థానమే స్థానము కావలెను. సంస్థలు కూడబెట్టిన పౌరుల వివరములను ఏ యధికారి, ఎవరి యాజ్ఞపై, ఎంతకాలము చూడవచ్చునో అదే శాసనమున స్పష్టపరుపవలెను. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పియున్నది. రిజర్వు బ్యాంకువారు 2022 డిసెంబరు 1న ప్రయోగముగా ప్రజలలోనికి విడిచిన డిజిటల్ రూపాయికిని ఈ ప్రశ్న తప్పదు. అందు పుస్తకము బజారున నుండదు గాని, ప్రభుత్వమువారి బల్లమీదనే యుండును.

మా మాజీ సైనికుడు మోసపోయిన పదునొకండవ దినమున ఫిర్యాదు చేసెను. సొమ్ము బ్యాంకు దాటక మునుపే ఆపించుటకు 1930 అను టెలిఫోను సంఖ్య గలదని ఆయనకు అంతవరకు ఎవరును చెప్పలేదట. ఆ సంఖ్యను పఠనమందిరపు గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించితిమి.