హుమ్ముస్ అంటే మన శనగలే!

సాయంత్రం ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిస్తే దారిలో బజ్జీలు, సమోసాల బండ్లే పిలుస్తాయి. పిల్లలకు ఆరోగ్య పాఠం చెప్పి, ఆ బండి దగ్గరే ఆగిన ఉస్తాదుల్లో నేనూ ఒకణ్ణి. షుగరు ఉందని తేలాక గాని నా కళ్లు తెరుచుకోలేదు.

అరబ్బు హోటళ్లలో రొట్టెతో ఇచ్చే హుమ్ముస్ ఏదో ఖరీదైన వంటకమని భ్రమపడతాం. అరబీలో ఆ మాటకు అర్థం శనగలే! కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, వేయించిన నువ్వుల ముద్ద, వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు చేర్చి రుబ్బితే సరి. మాంసకృత్తులు, పీచు రెండూ దండిగా ఉంటాయి.

ఏటా ఇఫ్తారుకు చనా వండే మన తల్లులకు ఇదేమంత కష్టం? కీరా ముక్కలతో దస్తర్‌ఖాన్ మీద పెట్టి చూడండి. నాకు ఆలస్యంగా వచ్చిన బుద్ధి మన పిల్లలకు ముందే రావాలి.