వృత్తి: కూలీ

ఫ్లోరైడ్ ఎముకలను వంచింది కాబట్టి మా కంటికి ఆనింది. నల్లగొండ వాళ్లం మంచినీళ్ల కోసం దశాబ్దాల తరబడి కొట్లాడాం. ఆ ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు కూడా పడింది. పాలమూరు వలసల మీద పాటలు కట్టాం, సభలు పెట్టాం. కానీ వలసపోయిన మనిషి అక్కడ ఏం పీల్చి వచ్చాడో అడగాలని మాకు తోచలేదు. డాక్టర్లు, విలేకరులు, టీచర్లు, సంఘాల నాయకులు, చదువుకున్న మేమందరం ఈ తప్పులో భాగస్తులమే.

అక్కడ పీల్చిన దుమ్ము మా ఊళ్లోనూ లేచేదే. గూనపెంకల ఇళ్ల మీదికి కోతులు ఎగబడుతుంటే సిమెంటు రేకులే నయమనుకున్నాం. రేకు కొలతకు సరిపోకపోతే మేస్త్రి దాన్ని కాలితో తొక్కిపట్టి కటింగ్ మిషన్ పెడతాడు. తెల్లటి దుమ్ము లేస్తుంది. కనుబొమ్మల మీద, చెవుల్లో, తువ్వాల మడతల్లో అదే. హుక్కు బోల్టుకు రంధ్రం చేస్తే మరికాస్త. ఆ అంగీని ఇంటికాడ భార్య దులిపి ఉతుకుతుంది. విరిగిన ముక్కలను వానాకాలం బురదలో అడుగేయడానికి వాకిట్లో పరుచుకుంటాం. కదలకుండా ఉన్న రేకుతో ముప్పు తక్కువే. కోసినప్పుడు, పగిలినప్పుడు, పాతబడి పొడి రాలినప్పుడే అందులోని ఆస్‌బెస్టాస్ పోగులు గాల్లోకి లేస్తాయి. లోపలికి పోయినవాటిలో కొన్ని జన్మంతా అక్కడే ఉండిపోతాయి.

వాటివల్ల వచ్చే మీసోథెలియోమా అనే క్యాన్సర్ ఎక్కువగా ఊపిరితిత్తుల పొరకు సోకుతుంది. నూటికి ఒక్క కేసు కన్నా తక్కువగా గుండెను చుట్టి ఉండే పొరకు వస్తుంది. గుండెపొర విషయంలో ఆస్‌బెస్టాస్‌తో సంబంధం ఊపిరితిత్తుల పొర విషయంలో అయినంత గట్టిగా రుజువు కాలేదు, ఆ మాట దాచకూడదు. మామూలుగా ఈ క్యాన్సర్ దుమ్ము పీల్చిన 20, 30, 40 ఏళ్లకు గానీ బయటపడదు. అప్పటికి మేస్త్రి ముసలివాడై ఊళ్లో మనవల దగ్గరుంటాడు. నాలుగడుగులు వేస్తే దమ్ము. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటాడు. ఛాతీలో నొప్పి, పొడిదగ్గు. పాదాలు ఉబ్బుతాయి, తర్వాత పొట్ట. మెడ నరాలు పొంగి కనబడతాయి. 'వయసు మీద పడ్డది గద' అంటాం. ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. పట్నం పోతే గుండె చుట్టూ నీరు చేరిందని తేలుతుంది. ఆ నీరు తీసి టీబీ మాత్రలు మొదలుపెడతారు.

మన దేశంలో గుండె చుట్టూ నీరంటే ముందు టీబీని అనుమానించడం సబబే. తప్పంతా ఆ తర్వాతది. తీసిన నీరు మళ్లీ మళ్లీ చేరుతున్నా, అందులో నెత్తురు కలిసి వస్తున్నా, నెలల తరబడి మాత్రలు మింగినా మనిషి చిక్కిపోతూనే ఉన్నా, మొదట రాసిన చీటీయే నడుస్తుంది. నీటిలో క్యాన్సర్ కణాలు దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు. స్కాన్ తీయాలి, పొరలోంచి ముక్క తీసి పరీక్షించాలి. చాలామందిలో ఇది ఆపరేషన్ బల్ల మీదో, చనిపోయాకో గానీ తేలదు. తేలినా ఎక్కువమంది బతికేది నెలలే.

ఇలా మందుకు లొంగని నీటి వెనక ఏముందని అడిగినవాళ్లు లేకపోలేదు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో టీబీ ఆసుపత్రి చూసుకునే డాక్టర్ స్లెగ్స్‌కు ఒక సంగతి తట్టింది. ఊపిరితిత్తుల పొరలో నీరు చేరి వచ్చినవాళ్లలో, ఊరికి పడమటి నుంచి వచ్చినవాళ్లకు టీబీ మందు పనిచేయడం లేదు. పడమట ఉన్నవి ఆస్‌బెస్టాస్ గనులు. ఆయన, వాగ్నర్ అనే మరో డాక్టర్ కలిసి ఒక్కొక్కరి పుట్టుపూర్వోత్తరాలు, చేసిన పని ఆరా తీశారు. 1960లో 33 కేసులతో వ్యాసం అచ్చయింది, లోకానికి ఈ జబ్బు మూలం తెలిసింది. మా మనుషులు పోయేది ఒక దిక్కుకు కాదు. బొంబాయి, పుణె, హైదరాబాద్, పని ఎక్కడుంటే అక్కడికి. అంటే మేం మరింత ఓపికగా అడగాల్సింది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. కార్డు చేతికొచ్చాక పేదవాడు గుండె ఆపరేషన్‌కు పట్నం పోగలిగాడు. అక్కడ కూడా కేసుషీటులో వృత్తి దగ్గర 'కూలీ' అని రాసి పక్క గడికి పోయాం. ఏం కూలీ? రేకులు కోశాడా? పాత షెడ్లు కూల్చాడా? బాయిలర్ పైపుల చుట్టూ ఉన్న పూత ఊడదీశాడా?

ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఆదేశించింది. అది గేటు లోపలి మనిషికి. కూలీలను పోగుచేసే గుంపుమేస్త్రి వెంట పోయినవాడి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. వాళ్ల తరఫున మాట్లాడతామన్న మేం కూలి పెంచమన్నాం, మెట్ల మీంచి పడి చనిపోతే పరిహారం అడిగాం, దుమ్ము ఊసెత్తలేదు. ఎండాకాలంలో రేకుల ఇళ్లల్లో జనం ఉడికిపోతున్నారని రాశాం, ఆ రేకు దేంతో చేస్తారో రాయలేదు. యూరోపియన్ యూనియన్ 2005లోనే ఆస్‌బెస్టాస్‌ను నిషేధించింది. మన దేశం దాన్ని రష్యా లాంటి చోట్ల నుంచి తెప్పించుకొని రేకులు పోస్తుంటే మేం నోరు మెదపలేదు.

టీబీ మందుకు లొంగని నీటితో జిల్లా ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, మొదట పట్టిన పని నుంచి చెప్పించుకోవాలి. వెంట వచ్చిన భార్యనూ అడగాలి. ఆ అంగీలు దులిపింది ఆమే.