తళి ఏ యుగమున నున్నది?

అపసామాన్య మనోవిజ్ఞానశాస్త్రమును బోధించు గ్రంథములలో మొదటి అధ్యాయము తఱచుగా నొకే కథను చెప్పుచుండును. ఆదిమానవుడు ఉన్మాదమును దయ్యముల చేష్టయని నమ్మెననియు, హిప్పోక్రటీసు దానిని శరీరవ్యాధిగా గుర్తించెననియు, మధ్యయుగముల చీకటిలో ఆ దీపమారిపోగా ఫ్రాన్సుదేశమున పినెల్ పండితుడు రోగుల సంకెళ్ళు విప్పి దానిని మరల వెలిగించెననియు, అటుపిమ్మట శాస్త్రము నిరాటంకముగా సాగివచ్చెననియు ఆ కథ. పరీక్షకు చదువు విద్యార్థికిది సులభముగా కంఠస్థమగును. కాని ఆ విద్యార్థియే రేపు వైద్యుడై, తమిళనాడు సరిహద్దున హోసూరు చేరువనున్న తళి పొలిమేరలనుండి ముంజేతికి తాయెత్తుతో వచ్చిన రోగిని చూచి, వీడు మొదటి మెట్టుమీదనే నిలిచియున్నాడని నిశ్చయించుకొనును. చదువుకొన్న పట్టణవాసుల తీర్పును ఇదియే: పల్లెజనము మూఢవిశ్వాసమును వీడినగాని వారికి మానసికవైద్యము అందదట. ఈ తీర్పు చరిత్రకు విరుద్ధము, తళికిని విరుద్ధము.

చరకసంహిత నిదానస్థానమున ఉన్మాదము ఐదు విధములుగా చెప్పబడినది. వాతాది దోషములవలన పుట్టునవి నాలుగు, వెలుపలినుండి సోకు ఆగంతుకము ఐదవది. స్వయముగా చెడనివానిని దేవతలుగాని పిశాచములుగాని బాధింపజాలరనియు, ప్రజ్ఞాపరాధమే, అనగా బుద్ధి చేసిన తప్పే, మూలమనియు ఆ గ్రంథమే వాదించుచున్నది. అయినను ఆయుర్వేదము భూతవిద్యను తన అష్టాంగములలో నొకటిగా నిలుపుకొనియే యున్నది. ఈ శాస్త్రమును ఏ మెట్టున నిలుపుదురో మెట్ల కథకులు చెప్పవలెను. ఐరోపాలోనైనను, మంత్రగత్తెలని స్త్రీలను కాల్చిన ఘోరము పెచ్చు పెరిగినది మధ్యయుగములలో కాదు. అచ్చుయంత్రము పుట్టిన తరువాతనే. గ్రహగతుల సూత్రములను కనుగొన్న కెప్లరు తన కన్నతల్లిపై మోపిన మంత్రగత్తె నేరమును తొలగించుటకు 1621 వఱకు వ్యాజ్యెమాడవలసివచ్చెను. ఇక పినెల్ మాట: బిసేత్ర్ ఆస్పత్రిలో 1797లో సంకెళ్ళు విప్పించినవాడు ఆయన కాదు, ఒకప్పుడక్కడనే గండమాలకు చికిత్స పొంది, పిదప పర్యవేక్షకుడైన ప్యూసేన్. అతడు వైద్యుడు కాడు గనుక కాబోలు, కీర్తి వైద్యునికి దక్కినది.

దయ్యములు తొలగిన తరువాత వచ్చినదంతయు వెలుగేనా? 1851లో అమెరికాలో కార్ట్‌రైటు అను వైద్యుడు, బానిస తన యజమానిని విడిచి పారిపోవుటయే యొక మనోవ్యాధియని పేరుపెట్టి ప్రకటించెను. స్వలింగప్రేమ 1973 వఱకు అమెరికా మనోవైద్యుల పట్టికలో రోగముగానే యుండెను. మెదడులోని తంతువులను కోయు శస్త్రచికిత్సకు ఈగాస్ మోనిజ్ 1949లో నోబెల్ బహుమానమందెను. వేపమండలతో కొట్టు మంత్రగానిని చూచి నవ్వువారు ఈ సంగతి వచ్చునప్పటికి గొంతు తగ్గింతురు. మఱొకవంక, మన నాటువైద్యులెఱిగిన సర్పగంధ వేరును గణనాథసేన్, కార్తికచంద్ర బోసు 1931లో ఉన్మాదమునకు మందుగా వర్ణింపగా, పాశ్చాత్య మనోవైద్యమున ఔషధయుగము ఆరంభమైన 1950 దశకమున ఆ వేరునుండి తీసిన రిసర్పిన్ ముందువరుసలోనే నిలిచెను.

తళిలో నేమున్నది? ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరిలో తమిళము మాటలాడు ఈ సరిహద్దు జనమునకు మూడు భాషలలో వైరుధ్యము కనబడనట్లే, మునేశ్వరుని మ్రొక్కుబడియందును మాత్రలయందును వైరుధ్యము కనబడదు. గాలి సోకినదని దిగదుడిచి నిమ్మకాయ కోసిన తల్లియే, తెల్లవారి మాత్రల చీటిని చెంగున ముడివేసుకొని బస్సెక్కును. బెంగుళూరులో నిమ్హాన్సు అను మానసికవైద్యసంస్థ ఉన్నది హోసూరు రోడ్డు మీదనే. ఆ త్రోవ ఆమెకు తెలియును. 1970 దశకమున ఆ సంస్థవారే సకలవార గ్రామమున కేంద్రము నెలకొల్పి, పల్లె ఆరోగ్యకార్యకర్తలకు శిక్షణనిచ్చి, వైద్యము గడపకు చేరినయెడల జనము దానిని స్వీకరింతురని చూపిరి. అంతకుముందే అమృతసరమున మనోవైద్యుడు విద్యాసాగరు ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేయించి, బంధువులను రోగులతోనే ఉంచి చికిత్స చేసెను.

రోగులను స్వస్థతకై తీసికొనిపోవు ఎర్వాడి దర్గా మాటేమని అడుగువారుందురు. 2001 ఆగస్టు 6న అక్కడి పాకలలో మంటలలో చిక్కి, గొలుసులతో కట్టబడి పారిపోలేక 28 మంది రోగులు మరణించిరి. గొలుసును సమర్థించువాడను కాను. కాని ఆ పాకలు డబ్బు పుచ్చుకొని రోగులనుంచుకొన్న వసతిగృహములు. మఱెక్కడను దించుకొనుటకు చోటులేని భారమును కుటుంబములు అక్కడ దించుకొన్నవి. కేవలము విశ్వాసమునే దోషిగా నిలిపినయెడల, చోటు చూపని ప్రభుత్వము సాక్షిగానైనను పిలువబడక తప్పించుకొనును.

తళినుండి హోసూరు సుమారు 25 కిలోమీటర్లు. అక్కడనుండి బెంగుళూరు మఱియొక బస్సు. రోగికొక కూలి, తోడు వచ్చినవానికొక కూలి పోవును; మాత్రలు నెలకొకసారి తీఱును. తీఱినప్పుడు రాని రోగిని మూఢుడనుట చౌక. పైగా, గుడికి పోయితిరా యని గద్దింపబడిన తల్లి మఱుసటిసారి ఆ మాటయే ఎత్తదు. మంత్రగాడు పాలలో కలిపి త్రాగించుమన్న పొడి ఏదియో, దానిని మాత్రలతో కలిపి ఎన్నాళ్ళు త్రాగించినదో వైద్యుని చీటిలోనికి ఎన్నటికిని ఎక్కదు.