చందా కాదు, శనివారం కావాలి

గల్ఫ్‌లో మన జిల్లాల వాళ్లు నలుగురు కూడితే, ‘ఊరికి ఏమన్నా చేద్దాం’ అన్న మాట పూర్తి కాకముందే చందా పుస్తకం బయటికి వస్తుంది. ఊరి ముందు కమాను, గుడికి గంట, బడికి బెంచీలు, దుబాయ్ నుంచి కొడుకు దిగేదాకా శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె. ఇవన్నీ మన చెమట పైసలతో వచ్చినవే. ఇవ్వడంలో మనవాళ్ల చెయ్యి పెద్దదే, దానికి వంక పెట్టడం లేదు. ఈసారి మాత్రం చందా అడగడం లేదు. అంతకన్నా కష్టమైనది అడుగుతున్నాం: శనివారం సాయంత్రం రెండు గంటలు.

జూన్‌లో బడులు తెరుస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఒక్కో స్కౌట్ దళం, ఒక్కో గైడ్ దళం నడిస్తే బాగుండునన్నది ఈ సంపాదకీయం ప్రతిపాదన. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ మనకు కొత్తదేం కాదు. మెడలో స్కార్ఫ్, మూడు వేళ్ల సెల్యూట్, ఎడమ చేత్తో కరచాలనం మనలో కొందరికి చిన్నప్పుడే తెలుసు. (ఎడమ చెయ్యి చాపితే ఇంట్లో ముసలవ్వ ఊరుకోదు, అది వేరే సంగతి.) కానీ చాలా బడుల్లో ఇప్పుడు స్కౌటింగ్ అంటే ఆగస్టు 15న, జనవరి 26న బీరువాలోంచి తీసే బట్టలే. మంత్రి వచ్చిన రోజు గేటు దగ్గర రెండు వరుసలు, చేతుల్లో పూలు. పిల్లలు ఎండలో నిలబడి నిలబడి కళ్లు తిరిగి పడిపోతే, ప్రథమ చికిత్స నేర్వాల్సినవాళ్లకే ప్రథమ చికిత్స చేయాల్సి వస్తుంది.

ఇందులో టీచర్లను అనడానికి ఏమీ లేదు. స్కౌట్ మాస్టర్ బాధ్యత ఉన్న సారుకే ఎన్నికల డ్యూటీ, సర్వే డ్యూటీ, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు. బడి గంట కొట్టాక పిల్లలతో ఇంకో రెండు గంటలు ఉండమంటే ఎట్లా ఉంటాడు? దళం ఆగిపోయేది పైసలు లేక కాదు, వారం వారం వచ్చే పెద్ద మనిషి లేక. బడితో సంబంధం లేకుండా ఊరివాళ్లే నడుపుకునే ఓపెన్ గ్రూపులకు కూడా ఈ సంస్థలో చోటు ఉంది. జిల్లా సంఘంలో రిజిస్టర్ చేసుకుని, దళం నడిపేవాళ్లు శిక్షణ తీసుకుంటే చాలు. మనం పట్టుకోవాల్సిన దారి ఇదే.

ఈ ఉద్యమం పుట్టిందే స్వచ్ఛందంగా. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో తొలి శిబిరం పెట్టాడు. 1909లో బెంగళూరుకు వచ్చిన స్కౌటింగులో మన పిల్లలకు చోటు లేదు. అది దొరల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే. మద్రాసులో అనీబిసెంట్, అరుండేల్ కలిసి మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టి, టోపీ బదులు తలపాగా చుట్టించారు. మాలవీయ, కుంజ్రూ వంటివాళ్లు సేవాసమితి దళాలు నడిపారు. ఇట్లా ఎవరికి వారుగా పెరిగిన సంఘాలు కలిసి 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్లూ వచ్చి చేరారు. సర్కారు జీవో కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టిన పని ఇది.

మరి మనవాళ్లే ఎందుకు? మన మూడు ఊళ్లలో గల్ఫ్ నుంచి వాపస్ వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క తీయక్కర్లేదు, ఏ చాయ్ హోటల్ ముందు నిలబడ్డా తెలుస్తుంది. యాభై దాటాయి, మోకాళ్లు నొస్తున్నాయి, కంపెనీ సెటిల్‌మెంట్ ఇచ్చి పంపింది. ఊళ్లో ‘దుబాయ్ పోయొచ్చిండు’ అన్న మాట తప్ప ఆ మనిషికి ఏం పని వచ్చో ఎవరూ అడగరు. అడిగితే తెలిసేది: అతను పదిహేనేళ్లు రిగ్గర్. క్రేన్ కింద టన్నుల బరువు ఊగకుండా తాడు పట్టినవాడు. ఇంకొకరు బ్యాంక్స్‌మన్, నోటితో ఒక్క మాట అనకుండా చేతి సైగలతో క్రేన్ ఆపరేటర్‌ను నడిపించినవాడు. ఇంకొకరు క్యాంపు మెస్‌లో రెండు వందల మందికి పొద్దున నాలుగింటికే వంట దింపినవాడు. ఫైర్ డ్రిల్లు, హెడ్‌కౌంట్, స్ట్రెచర్ మోయడం, పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగులో ఆనాటి ప్రమాదాల గురించి వినడం వాళ్లకు దినచర్య. స్కౌట్ పుస్తకంలో సగం పాఠాలు ఇవే.

ఉదాహరణకు బోలైన్ ముడి. తాడు మీద చిన్న కన్ను చేసి, కొసను కింది నుంచి ఆ కంట్లోకి పైకి తీసి, నిలువు తాడు వెనక నుంచి తిప్పి, మళ్లీ అదే కంట్లోకి దించి బిగించాలి. ఎంత గుంజినా ఆ ఉచ్చు బిగుసుకోదు, పని అయ్యాక వేళ్లతోనే విప్పొచ్చు. సైటు మీద ఈ ముడి వెయ్యని రిగ్గర్ ఉండడు. ఇదే ముడి శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ గట్టు మీద ప్రాణం నిలబెడుతుంది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు కాలువలో ఈతకు దిగుతారు. సిమెంటు వాలు పాచిపట్టి ఉంటుంది, నీళ్ల వడి పైకి కనపడదు. ఒకడు జారితే తీయడానికి రెండోవాడు దూకుతాడు, వాడి కోసం మూడోవాడు. స్కౌటింగ్ మొదట నేర్పేది దూకొద్దని. కట్టె అందించు, అందకపోతే ఉచ్చు వేసిన తాడు విసురు, నువ్వు గట్టు మీద పడుకొని పట్టుకో. చీర, లుంగీ, సైకిల్ ట్యూబు ఏదైనా తాడే. ఇది క్లాసులో బోర్డు మీద రాస్తే రాదు. తాడు చేతికిచ్చి, దూరంగా ఖాళీ డ్రమ్ము పెట్టి, అందులో పడేదాకా విసరమనాలి.

సిరిసిల్ల పిల్లలకు ఒక ముడి నేర్పే పనే లేదు. సాంచా (మరమగ్గం) మీద పోగు తెగితే వాళ్ల బాపు కన్ను మూసి తెరిచేలోపు వేసే ముడి, స్కౌట్లు షీట్ బెండ్ అని నేర్చుకునే ముడి ఒకటే. వేర్వేరు లావున్న రెండు తాళ్లను కలపడానికి ప్రపంచమంతా దాన్నే వాడుతుంది. కాబట్టి సిరిసిల్లలో మొదటి పాఠం ఒక సాంచా కార్మికుడు చెప్పాలని మా కోరిక. తండ్రి పని చూసి ‘ఇదేం బతుకు’ అనుకునే పిల్లవాడు, తక్కిన పిల్లలంతా తన తండ్రి వేళ్ల వంక చూస్తుంటే ఎట్లా ఉంటాడో చూడాలని ఉంది.

కొండగట్టు సంగతి ఎత్తకుండా ఈ మాట పూర్తి కాదు. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న ఆర్టీసీ బస్సు ఘాట్ దిగుతూ లోయలో పడింది. వంద మందికి పైగా ఎక్కిన బస్సు, పోయినవాళ్లు అరవై మందికి పైనే. దెబ్బల కన్నా ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడకనే ఎక్కువ మంది పోయారని అప్పటి వార్తలు చెప్పాయి. మొదట చేరింది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, దారిన పోయేవాళ్లు. ఎంత కష్టపడి బయటికి తీశారో చూసినవాళ్లకు తెలుసు. ఇట్లాంటి చోట స్పృహ లేని మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గాలి ఆడే దారి సవరించడం, మెడ కదలకుండా ఎత్తడం, ఎవరిని ముందు అంబులెన్సులో ఎక్కించాలో తేల్చడం వచ్చినవాళ్లు నలుగురుంటే ఎంతమంది బతికేవారో ఎవరూ చెప్పలేరు. నేర్చుకుని ఉండటం మాత్రం మన చేతిలో పని. అదే సెప్టెంబర్ నెలలో, 2021లో, సిరిసిల్ల నీట మునిగింది. చెరువు నీళ్లు వీధుల్లోకి వచ్చి సాంచాల కార్ఖానాలు తడిసిపోయాయి, కొత్తగా కట్టిన కలెక్టరేట్ చుట్టూ కూడా నీళ్లే. ఏ గల్లీలో ముసలివాళ్లున్నారు, ఎవరు మంచం దిగలేరు అన్నది ఆ గల్లీ పిల్లలకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. స్కౌట్ దళంలో ఆరుగురు ఎనిమిది మంది పిల్లలకు ఒక పెట్రోల్, దానికి వాళ్లలోంచే ఒక లీడర్. ఆ గల్లీ లెక్క ఆ పెట్రోల్ చేతిలో ఉండొచ్చు.

ఇక ముందున్న పనులు. మొదటి రెండు నెలలు ముడులు, ప్రథమ చికిత్స, పెట్రోళ్లు కుదరడం, అంతే. శిబిరాలనీ ర్యాలీలనీ తొందరపడొద్దు. వానకాలంలో పాము కాటు, కుక్క కాటు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులను బతిమాలైనా ఒక పూట పిలవాలి. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలన్న సంగతి, పసుపు అద్దే ఇళ్లకు పిల్లల నోటి ద్వారానే చేరుతుంది. నవంబర్ 7న సంస్థ స్థాపన దినం, ఫిబ్రవరి 22న బేడెన్ పవెల్ పుట్టినరోజు ఉండనే ఉన్నాయి. మహాశివరాత్రికి వేములవాడలో తప్పిపోయిన పిల్లలను, ముసలివాళ్లను మైకు దాకా చేర్చే పని ఉంది. సిరిసిల్ల దళం అక్కడి అధికారులను ముందుగా కలిసి, వాళ్లు చూపిన చోటనే నిలబడాలి. మనంతట మనం జనంలోకి పిల్లలను తోలడం సేవ కాదు.

కొండగట్టు హనుమాన్ జయంతులు రెండూ, చైత్ర పౌర్ణమికి చిన్నది, వైశాఖ బహుళ దశమికి పెద్దది, మండుటెండల్లోనే వస్తాయి. దీక్షాస్వాములు కాళ్లకు చెప్పుల్లేకుండా నడిచి వస్తారు. ఇక్కడ మన గల్ఫ్ అన్నల అనుభవం అక్కరకొస్తుంది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట ఎండలో పని ఆపాలన్న నిబంధన ఎందుకు వచ్చిందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెమట ఆగిపోయి, మాట తడబడిన మనిషిని నీడకు చేర్చి, మెడ మీద చంకల్లో తడి బట్ట పెట్టాలి, స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయొద్దు. ఈ రెండు ముక్కలు తెలిసిన పిల్లలు నాచుపల్లి నుంచి గుట్ట దాకా నిలబడితే చాలు. 2027లో గోదావరి పుష్కరాలు. ధర్మపురి మన జగిత్యాల జిల్లాలోనే ఉంది. అప్పటికి ఈ దళాలకు ఏడాది అనుభవం ఉంటే అక్కడ పనికొస్తాయి. లేకపోతే దూరంగా ఉండటమే మేలు.

కొన్ని హద్దులు ముందే చెప్పుకోవాలి. ఏ పెద్దమనిషీ, ఎంత నమ్మకస్తుడైనా, పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. వచ్చే ప్రతి ఒక్కరి గురించి ఊళ్లో విచారించాలి, అందుకు ఎవరూ నారాజు కావొద్దు. రాజకీయ పార్టీ జెండా కిందికి దళం పోవద్దు, మన గల్ఫ్ సంఘం అధ్యక్షుల వారికి స్వాగతం చెప్పడానికి కూడా పోవద్దు. సర్టిఫికెట్ సంగతి ఇంకొకటి. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద ఉద్యోగాలు పడుతుంటాయి, దానికోసం పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు ఉంటారు. చేర్పించనీ. రాష్ట్రపతి పురస్కారం దాకా ఎదగాలంటే సోపానాలు ఒక్కటొక్కటీ దాటాలి, ఏళ్లు పడుతుంది. ఆశతో వచ్చిన పిల్లవాడు కూడా దారిలో నేర్చుకోక తప్పదు. దొంగ సంతకాలతో దాటించేవాళ్లతోనే మన పేచీ.

మన ఇళ్ల సంగతి కూడా ఒకమాట. భార్యాపిల్లలను గల్ఫ్‌కు తెచ్చుకోగలిగినవాళ్లు మనలో తక్కువ. మిగతావాళ్ల పిల్లలు అమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతున్నారు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వచ్చేసరికి పిల్లవాడు అమ్మ మాట వినడు, తాతకు భయపడడు. వీడియో కాల్‌లో బాపు కేకలేస్తే ‘నెట్ లేదు’ అని పెట్టేస్తాడు. అట్లాంటి పిల్లవాడు వారానికి ఒకసారైనా తన బాపు లాంటి పనిమంతుడి చేతి కింద ఉండాలి, కొట్టని, తిట్టని మనిషి చేతి కింద. సెలవు మీద వచ్చేవాళ్లు కూడా దీనికి పనికొస్తారు. ఉన్న నెలలో పెళ్లిళ్లు, చావులు, బ్యాంకు పనులు పోగా ఒక్క శనివారం దొరకదా?

అన్నింటికన్నా కష్టం గైడ్ దళాలు. గైడ్ కెప్టెన్‌గా ఆడవాళ్లే ఉండాలి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఆడవాళ్ల చేతులకు బీడీల చాట విడుపు ఇవ్వదు, రోజు లెక్క పూర్తి కాకపోతే కూలి తెగుతుంది. వాళ్లను ఊరికే రమ్మనడం న్యాయం కాదు. ఇక్కడ మాత్రం మన చందా పుస్తకానికి పని ఉంది: శిక్షణ శిబిరానికి పోయే ఆడవాళ్లకు పోయిన రోజుల కూలి, చార్జీలు మన గల్ఫ్ సంఘం పెట్టుకోవాలి. అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ముందుకొస్తే వాళ్లకూ అంతే. మగపిల్లల దళం తయారై ఆడపిల్లల దళం ఆలస్యమైతే, రెండూ కలిసే మొదలుపెట్టాలని మా పట్టుదల.

ఈ పనికి ముందుకొచ్చేవాళ్లు మాకు పేరు, ఊరు, ఫోన్‌తో పాటు గల్ఫ్‌లో చేసిన పని ఏమిటో తప్పక రాయండి: రిగ్గర్, ఎలక్ట్రీషియన్, కుక్, డ్రైవర్, క్లీనర్, ఏదైనా సరే. సెలవు మీద వచ్చేవాళ్లు దిగే తేదీ, మళ్లీ ఎక్కే తేదీ రాయండి. ఇంట్లో ఆడవాళ్లలో ఎవరికి ఆసక్తి ఉందో వాళ్లనే అడిగి, వాళ్ల పేరు వాళ్ల చేతే రాయించండి. వచ్చిన పేర్లను ఊరివారీగా విడదీసి, జిల్లా స్కౌట్ సంఘాలను కలవడానికి పోయే బృందానికి జూన్ మొదటి వారంలోపు అందజేస్తాం.