అయిదు నిమిషాల ఆవాజ్

కోర్టు తెలుగు నాకెప్పుడూ ఒక తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. అదే మాట తెలుగులోకి వచ్చి ముద్దాయిగా మారి బోనెక్కింది! ముల్జిమ్ అంటే ఇల్జామ్ మోస్తున్నవాడు. ముజ్రిమ్ అంటే జుర్మ్ రుజువైనవాడు. ఉర్దూ మీడియంలో ఈ ఫర్క్ మాకు చిన్న క్లాసుల్లోనే నేర్పారు. జైలు గేటు దగ్గర మాత్రం అది ఎవరికీ పట్టదు. ములాఖాత్ సంగతీ అంతే. మా ఇళ్లలో ఈద్ రోజు గలే మిలేది ములాఖాతే. ఆళ్లగడ్డ బస్టాండులో ఆ మాట అనండి, పక్కనున్నాయన "ఏ జైలు భాయ్?" అంటాడు.

2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు ముల్జిములే అన్నమాట. ఏ కోర్టూ వాళ్లను ఇంకా నేరస్తులు అనలేదు. అలాంటివాళ్లు అమ్మతో ఫోన్లో మాట్లాడటాన్ని మన సర్కారు సహూలత్ అంటుంది. నేను హఖ్ అంటాను.

ఇది నా సొంత పైత్యం కాదు. తిహార్ జైల్లో డిటెన్షన్ కింద ఉన్న ఫ్రాన్సిస్ కొరాలీ ములిన్ అనే బ్రిటిష్ మహిళ కేసులో 1981లోనే సుప్రీంకోర్టు తేల్చింది: ఇంటివాళ్లను, వకీలును కలవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని. కేంద్రం 2016లో తెచ్చిన మోడల్ ప్రిజన్ మాన్యువల్ కూడా ఇంటికి, వకీలుకు ఫోన్ చేసుకోవచ్చు అంటుంది. ఎలా? ఖైదీ డబ్బు కట్టాలి. సూపరింటెండెంట్ సరే అనాలి. పైగా ఆ సదుపాయం ఉన్నచోటే. ఇన్ని గొళ్లేలు పెట్టాక దాన్ని హఖ్ అని ఎవరంటారు జనాబ్? మెహర్బానీ అంటారు.

మా గల్లీలో ఒక ఖాలా ఉంది. మిరపకాయల కోతకు పోతుంది. కొడుకు రిమాండులో ఉన్నాడు. ములాఖాత్‌కు పోవాలంటే చాగలమర్రి, మైదుకూరు దాటి పోవాలి. ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. అందుకే ఫోనే ఆమెకు దిక్కు. జైల్లో రాయించిన నంబరుకే కాల్ వస్తుంది. ఆమె సిమ్ మరిది పేరు మీద ఉంది. అది తన పేరుకు మారేదాకా కొడుకు గొంతు వినలేదు. ఇప్పుడు వింటోంది. కానీ ఎప్పుడొస్తుందో తెలియని కాల్ అది. చేనులో ఉన్నప్పుడు మిస్సయితే తిరిగి చేయడానికి లేదు. రీచార్జ్ అయిపోతే ఇన్‌కమింగ్ కూడా బంద్. బియ్యం కంటే ముందు రీచార్జ్ వేయించుకుంటుంది ఖాలా. ఏం మాట్లాడతావని అడిగితే, "క్యా బోల్నా బేటా, ఆవాజ్ సునే తో బస్" అంది. ఖైరియత్ అడిగేలోపే టైమ్ అయిపోతుందట.

ఆ ఆవాజ్ విలువ తెలియాలంటే వరవరరావు గారి సంగతి చూడండి. ఆయన రాజకీయాలు మీకు నచ్చకపోవచ్చు, అది వేరే బహస్. 2020 జులై 11న నవీ ముంబయి దగ్గరి తలోజా జైలు నుంచి ఆయన ఇంటికి ఫోన్ చేశారు. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన మనిషి మాట తడబడింది. ఒంట్లో ఎలా ఉందని భార్య అడిగితే, ఏనాడో జరిగిపోయిన తండ్రి అంత్యక్రియల గురించి, తల్లి అంత్యక్రియల గురించి మాట్లాడారు. పక్కనున్న సహ నిందితుడు ఫోన్ అందుకుని, ఈయన నడవలేకపోతున్నారు, పళ్లు కూడా తోముకోలేకపోతున్నారు అని చెప్పాడు. కుటుంబం ఆ మాటలు లోకానికి చెప్పింది. రెండు రోజుల్లో జేజే ఆస్పత్రికి మార్చారు, కోవిడ్ అని తేలింది. ఆ కాల్ లేకపోతే? ఏ రిజిస్టరులోనూ రాయని సంగతి ఇంటివాళ్ల చెవికి అందింది, అంతే. భార్యకు ఆ గొంతులోని తేడా అర్థమైనట్టు జైలు డాక్టరుకు అర్థం కాదు.

భద్రత అంటారు. ఫోనిస్తే లోపలినుంచే దందాలు నడుపుతారట. లారెన్స్ బిష్ణోయ్ ఇంటర్వ్యూలు 2023 మార్చిలో టీవీలో వచ్చాయి, మనిషి కస్టడీలో ఉండగానే. ఆయన క్యూలో నిలబడి జైలు ఫోన్లో మాట్లాడాడా? పైసా, పలుకుబడి ఉన్నవాడికి దొంగ ఫోన్ దొరుకుతుంది. రికార్డయ్యే ఫోన్ కోసం, పక్కన వార్డరు వింటుండగా మాట్లాడే ఫోన్ కోసం ఎదురుచూసేది గరీబు. దొంగ ఫోన్ పేరు చెప్పి అసలు ఫోన్ బిగించడం ఏం ఇన్‌సాఫ్?

మా జిల్లాకు ఇంకో జ్ఞాపకం ఉంది. 2023 సెప్టెంబర్ 9 తెల్లారుజామున చంద్రబాబు నాయుడు గారిని అరెస్టు చేసింది నంద్యాలలోనే. రాజమండ్రి జైలుకు పంపారు. సెప్టెంబర్ 14న పవన్ కల్యాణ్, బాలకృష్ణ, లోకేశ్ ములాఖాత్‌కు వెళ్లారు. బయటికొచ్చి గేటు ముందే పొత్తు ప్రకటించారు పవన్. ఒక ములాఖాత్ రాష్ట్ర రాజకీయాన్నే మార్చింది, జైలు గోడేమీ కూలలేదు. అక్టోబర్ 31న మధ్యంతర బెయిల్ మీద ఆయన బయటికొచ్చారు. ఇప్పుడు జైళ్లు ఆయన సర్కారు చేతిలోనే ఉన్నాయి.

యాభై రోజులకు పైగా లోపలున్న ముఖ్యమంత్రికి ఇంటివాళ్ల గొంతు అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. అడిగేది పెద్దదేం కాదు. విచారణ ఖైదీకి ఫోన్ ముఫ్త్‌గా ఇవ్వండి. సబ్ జైలు దాకా ఇవ్వండి. వారంలో ఏ రోజు, ఏ వేళకు కాల్ వస్తుందో ఇంటికి ముందే చెప్పండి. ఆ పూట ఖాలా కోతకు పోకుండా చెట్టు నీడన కూర్చుంటుంది.